'ఇంటిల్లిపాదీ' అంటే ఎవరు?

కీమోథెరపీ మొదలుపెట్టే ముందు ఆసుపత్రుల్లో ఒక మాట తరచు వినిపిస్తుంది. "మందు సగం, కుటుంబం సగం. ఇంటిల్లిపాదీ అండగా నిలబడాలి." చెప్పేవాళ్ళ ఉద్దేశం మంచిదే. మాటా అబద్ధం కాదు. డ్రిప్పు ద్వారా మందు ఎక్కేది కొన్ని గంటలు. మిగతా వైద్యమంతా జరిగేది ఇంట్లోనే. అయితే ఆ 'ఇంటిల్లిపాదీ' అన్న మాట వెనక ఉన్నవి ఎవరి చేతులు, ఎవరి నిద్ర, ఎవరి జీతం అన్న ప్రశ్న మాత్రం వినపడదు. స్త్రీల హక్కుల గురించి ఇంతకాలంగా మాట్లాడుతున్న మనం కూడా ఆ ప్రశ్న పెద్దగా వెయ్యలేదు. మన ఉద్యమం ఆరోగ్యాన్ని పట్టించుకోలేదని కాదు. 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకం తెలుగులో తెచ్చుకున్నాం. స్త్రీల శరీరాల గురించి స్త్రీలే మాట్లాడాలని పట్టుబట్టాం. ఇంకొకరి శరీరాన్ని రాత్రింబవళ్ళు కాచుకునే స్త్రీ గురించి మాత్రం అంత గట్టిగా మాట్లాడలేదు.

నా సహచరుడికి పెద్దపేగు క్యాన్సరు వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆరు నెలలు కీమో. 21 రోజులకొకసారి ఆక్సాలిప్లాటిన్ అనే మందు డ్రిప్పులో ఎక్కిస్తారు. దాంతోపాటు 14 రోజులు రెండు పూటలా కేపసిటబిన్ మాత్రలు, తర్వాత 7 రోజులు విరామం. ఇలా 8 విడతలు. క్యాన్సర్లు అనేకం, మందులూ అనేకం కాబట్టి అందరి అనుభవమూ ఇదే అనను. నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఇంటి చాకిరీ గురించీ, దానికి విలువ కట్టకపోవడం గురించీ ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళని ప్రశ్నలడిగినదాన్ని. ఈ ఆరు నెలల్లో ఆ ప్రశ్నలన్నీ మా వంటింట్లోకే వచ్చి కూర్చున్నాయి.

'చూసుకోవడం' అంటాం. ఎంత తేలికైన మాట! అందులో ఏమేమున్నాయో విడదీసి చూద్దాం. ప్రతి డ్రిప్పుకీ ముందు రక్తపరీక్ష చేయించి రిపోర్టు తేవాలి. కణాల సంఖ్య తక్కువుందంటే తేదీ వాయిదా పడుతుంది. అప్పుడు పెట్టుకున్న సెలవూ మార్చుకోవాలి. మాత్రలు తిండి తిన్న అరగంటలోపల వేసుకోవాలి కాబట్టి, అన్నం చూస్తేనే కడుపులో తిప్పే మనిషికి రెండు పూటలా ఏదో ఒకటి తినిపించి తీరాలి. నోరు పూస్తే కారం లేని వంట, నాలుకకి రుచి తెలియకపోతే ఇంకో రకం వంట. వాంతులెన్నిసార్లు, విరేచనాలెన్నిసార్లు అని రాసిపెట్టుకోవాలి. మందు ఎక్కిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోవచ్చు. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకు చేరిందంటే మాత్ర వేసి పడుకోబెట్టడం కుదరదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మందు ఎక్కిన తర్వాత కనీసం రెండు రోజులు వాంతినీ, మూత్రాన్నీ, తడిసిన దుప్పట్లనీ చేతొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

ఇదంతా నర్సు చేసే పని. నర్సుకి దానికి తగ్గ చదువుంది, జీతముంది, డ్యూటీ దిగే వేళ ఉంది. ఇంట్లో ఇదే పని చేసే మనిషికి ఆ మూడూ లేవు. ఆమెకున్న హోదా ఒక్కటే, భార్య.

ఇంత నైపుణ్యం కావలసిన పనిని పనిగా కాక సుగుణంగా చూడడం మనకి కొత్తేమీ కాదు. కుష్టురోగి అయిన భర్తని భుజాన మోసుకుని వేశ్య ఇంటికి తీసుకెళ్ళిన సుమతి కథ వింటూ పెరిగాం. యముడి వెంట నడిచిన సావిత్రి కథ సరేసరి. జబ్బుపడ్డ భార్యని భుజానికెత్తుకున్న భర్త కథ ఏ అమ్మమ్మా మనకి చెప్పలేదు. ఆ కథలు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. పరామర్శకి వచ్చిన పెద్దవాళ్ళు నా చెయ్యి పట్టుకుని "నీ తాళి గట్టిదమ్మా, నీ పసుపుకుంకుమలే వాణ్ణి కాపాడతాయి" అన్నారు. వాళ్ళ ప్రేమని నేను శంకించను. కానీ ఆ మాటలో ఉన్న లెక్క చూడండి. రిపోర్టులు బాగుంటే ఘనత మంగళసూత్రానిది. బాగుండకపోతే లోపం నా నోములది, నా వంటది. నేను నిద్ర మానుకుని రాసిన జ్వరం లెక్కల పుస్తకానికి రెండింట్లోనూ చోటులేదు.

ఆసుపత్రి ఆధునికమైనదే గానీ, అక్కడా ఇదే వరస. "పేషెంటు తాలూకు జెంట్స్ ఎవరూ రాలేదా అమ్మా?" అని కౌంటరులో అడిగేవారు. ఫైలు నా సంచిలో ఉంది. ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములో, కిందటి విడతలో ఏ రోజున జ్వరం తగిలిందో నాకు నోటికి వచ్చు. అయినా మందు మోతాదు తగ్గించాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు డాక్టరు మా మరిది మొహం చూసి మాట్లాడారు. అతను నా వైపు తిరిగి "వదినా, నువ్వే చెప్పు" అన్నాడు కాబట్టి సరిపోయింది. అందరి మరుదులూ అలా అనరు. సేవ ఆడవాళ్ళది, నిర్ణయం మగవాళ్ళది అన్న పాత పంపకం తెల్లకోటు వేసుకున్న చోట కూడా చెక్కుచెదరలేదు.

దీన్ని మా ఒక్క ఇంటి గొడవగా చూడనవసరం లేదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనిలో పాలుపంచుకున్న స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించారు, పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. అంటే అయిదేళ్ళలో ఆడవాళ్ళకి తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళకి పెరగాల్సింది పోయి తొమ్మిది నిమిషాలు తగ్గింది! ఇంట్లోవాళ్ళ సంరక్షణ లెక్క వేరే ఉంది. 15 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలలో 41 శాతం మంది ఆ పని చేస్తున్నారు, రోజుకి సగటున 140 నిమిషాలు. అదే వయసు పురుషులలో ఆ పని చేసేవాళ్ళు సుమారు 21 శాతం, చేసేది 74 నిమిషాలు. పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ, రోగుల సేవ అన్నీ కలిపిన లెక్క ఇది. ఇక పక్క మంచం మీద చెవి వొగ్గి పడుకున్న రాత్రిని ఏ గళ్ళో వేస్తారు? అది సర్వేలో నిద్ర కిందే జమపడే అవకాశం ఎక్కువ.

ఇదే నాణేనికి రెండో వైపుంది. క్యాన్సరు మగవాళ్ళకే రాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా వచ్చిన క్యాన్సర్లు 14 లక్షల పైచిలుకు. అందులో స్త్రీలే కాస్త ఎక్కువ. మరి భార్యకి కీమో అయితే 'ఇంటిల్లిపాదీ' అంటే ఎవరు?

ఆక్సాలిప్లాటిన్ ఎక్కాక కొన్ని రోజులపాటు చల్లటిదేది తాకినా వేళ్ళలో సూదులు గుచ్చినట్టుంటుంది. చన్నీళ్ళు తాగితే గొంతు పట్టేస్తుంది. అందుకని ఫ్రిజ్ తెరవకండి, చన్నీళ్ళలో చేతులు పెట్టకండి అని చెబుతారు. కేపసిటబిన్ వల్ల అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొరలు ఊడవచ్చు. రాపిడి పడే పనులు చెయ్యకండి అంటారు. మా ఇంట్లో ఈ సలహా పాటించడం ఏమంత కష్టం కాలేదు. తను ఫ్రిజ్ తెరవకపోతే నేను తెరిచాను. తను చన్నీళ్ళు ముట్టుకోకపోతే నేను కాచి ఇచ్చాను.

తన పక్క మంచంలో యాభై దాటిన ఒకామె అదే మందు ఎక్కించుకునేది. పాలమూరు వైపు నుంచి వచ్చేది. నర్సు ఈ జాగ్రత్తలే చెబుతుంటే ఆమె అంతా విని "మరి గిన్నెలెట్ల తోమాలె బిడ్డా?" అని అడిగింది. నర్సు నవ్వి, "ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు లేమ్మా" అంది. "ఇంట్లోల్లంటే నేనే గదా" అన్నదామె.

నేను చదివిన సిద్ధాంతాలన్నిటిలో ఇంత సూటిగా చెప్పిన వాక్యం తక్కువ. జాగ్రత్తల కాగితం రాసినవాళ్ళ ఊహలో రోగి అంటే సేవ అందుకునే మనిషి. సేవ చేసే మనిషే రోగి అయినప్పుడు ఏం చెయ్యాలో అందులో లేదు. ఆ వార్డులో ఆరు నెలలు చూశాను. మగరోగుల పక్కన కూర్చున్నది ఎక్కువగా భార్యలు. ఆడరోగుల పక్కన కూర్చున్నది అమ్మ, అక్కచెల్లెలు, కూతురు. భర్తలు లేకపోలేదు. ఉన్నవాళ్ళని వార్డంతా "ఎంత బాగా చూసుకుంటున్నాడో" అని మెచ్చుకునేది. మెచ్చుకోవలసిందే. అదే పని చేస్తున్న భార్యల గురించి ఆ మాట ఒక్కసారీ వినపడలేదు.

2009లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో మెదడు కణితి, క్యాన్సరు, మల్టిపుల్ స్క్లిరోసిస్ లాంటి జబ్బులున్న 515 మందిని గమనించారు. జబ్బుపడ్డది భార్య అయినప్పుడు నూటికి దాదాపు 21 జంటలు విడిపోయాయి. భర్త అయినప్పుడు నూటికి సుమారు 3. ఒక్క అధ్యయనం మీద తీర్మానాలు చెయ్యడం శాస్త్రం కాదు. పైగా మన దగ్గర విడాకుల కాగితాల దాకా అరుదుగా వెళ్తాం. "కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి కోలుకుని రమ్మను" అన్న మాటతోనే ఆ పని జరిగిపోతుంది. ఏ సర్వేకీ అందదు.

"ప్రేమని కూడా గంటల్లో లెక్కగడతారా?" అని కొందరు మిత్రులు నన్నడిగారు. ప్రేమకి లెక్క కట్టమని నేనడగలేదు. అతని కోసం నేను మేలుకున్న రాత్రుల్లో ఒక్కటీ తిరిగి ఇమ్మనను. నేనడుగుతున్నది వేరు. ప్రేమ ఉన్నచోటే శ్రమ కూడా ఉంది. ప్రేమ పేరు చెప్పి ఆ శ్రమని కనపడకుండా చెయ్యడం ఎవరికి లాభం? మా అత్తగారికి కొడుకు మీద నాకంటే తక్కువ ప్రేమ ఉందా? మా మరుదులకి అన్న మీద ప్రేమ లేదా? అందరికీ ఉంది. మొదటి విడతలో ఆ ప్రేమలు వచ్చిన తీరు చూస్తే ఆడవాళ్ళ ప్రేమ క్యారియర్ల రూపంలో, ఉతికిన దుప్పట్ల రూపంలో వచ్చింది. మగవాళ్ళ ప్రేమ డబ్బు రూపంలో, కారు రూపంలో, "ఏం కావాలన్నా ఫోన్ చెయ్యి వదినా" అన్న మాట రూపంలో వచ్చింది. డబ్బూ కారూ అవసరమే. కానీ తెల్లవారుజామున మూడింటికి పక్కబట్టలు మార్చే మనిషి కావాలంటే ఫోన్ చేసి పిలవలేం.

అందుకని రెండో విడత ముందు అందరం కూర్చుని పనుల జాబితా రాశాం. ఒక్కొక్క పనికీ ఎదురుగా ఒక పేరు. రక్తపరీక్ష, మందుల షాపు, బీమా కాగితాలు పెద్ద మరిదివి. డ్రిప్పు ఎక్కిన మొదటి రెండు రాత్రుల కాపలా చిన్న మరిదిది. "ఆడపిల్ల ఉంది కదా, నీకేం బెంగ" అని చుట్టాలు మా అమ్మాయిని చూపించారు. ఆమె ఇంటరు రెండో సంవత్సరం. పరీక్షలున్నాయి. జ్వరం చూసి పుస్తకంలో రాయడం, పొద్దుటి జావ కాయడం తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి ఇచ్చాం. వాడు రెండుసార్లు అడుగంటించి మూడోసారికి నేర్చుకున్నాడు. మాత్రల లెక్క పూర్తిగా రోగిదే. జబ్బుపడ్డంత మాత్రాన మనిషి చంటిబిడ్డ అయిపోడు.

అన్నిటికంటే కష్టమైంది ఏమిటో తెలుసా? సిగ్గు. తమ్ముడు వాంతి ఎత్తడానికి తను ఒప్పుకోలేదు. "నువ్వయితే ఫరవాలేదు, వాడి ముందు ఎట్లా" అన్నాడు. తమ్ముడికీ అంతే ఇబ్బంది. మగవాడి జబ్బు శరీరాన్ని తల్లీ పెళ్ళామూ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదన్న ఈ నియమం ఏ చట్టంలోనూ లేదు. కానీ ఆడదాని రాత్రులన్నీ దానికే తాకట్టు. మూడో విడతకి ఆ సిగ్గు పోయింది. అన్నదమ్ములిద్దరూ ముప్పై ఏళ్ళ తర్వాత ఒకే గదిలో పడుకుని చిన్నప్పటి సంగతులు చెప్పుకున్నారు. పనిని పంచుకుంటే మగవాళ్ళకి దక్కేది కూడా ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అయితే ఇంటి లోపలి పంపకంతో సగమే అవుతుంది. మాకు జీతాలున్నాయి, చదువుంది, ఇంట్లో సాయానికి వచ్చే పనిమనిషి ఉంది. పాలమూరు అక్కకి తోడు వచ్చే కూతురు కూలికెళ్ళే మనిషి. రక్తపరీక్షకో రోజు, డ్రిప్పుకో రోజు, తిరుగు ప్రయాణానికో రోజు. 21 రోజులకొకసారి మూడు కూలిరోజులు పోతాయి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. దానివల్ల లక్షల కుటుంబాలకి మందుల ఖర్చు తప్పింది, దాన్ని తక్కువ చెయ్యను. కానీ తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి ఏ ప్యాకేజీలోనూ లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య ఆసరా పేరుతో కోలుకునే కాలానికి రోజుకి 225 రూపాయలు, నెలకి 5000 మించకుండా ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి ఆలోచన. అదీ రోగి కూలికే, తోడుకి కాదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి స్త్రీలకి ఆర్టీసీ బస్సు ఉచితం. అది తోడొచ్చే ఆడవాళ్ళకి నిజంగా మేలు చేసింది. కానీ అది స్త్రీ అయినందుకు వచ్చిన హక్కు, సంరక్షకురాలైనందుకు కాదు.

తోడు మనిషిని ప్రభుత్వం స్పష్టంగా గుర్తించిన చోటు ఒకటుంది, రైలు టికెట్టు. చికిత్సకి వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపరు, ఏసీ త్రీ టైర్ తరగతుల్లో పూర్తి రాయితీ ఉంటే, వెంట వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ ఉంది. రోగి ఒంటరిగా ప్రయాణం చెయ్యలేడని రైల్వేకి అర్థమైంది. ఆసుపత్రికీ, ఉద్యోగం ఇచ్చినవాళ్ళకీ ఇంకా అర్థం కాలేదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి పిల్లల సంరక్షణకి 730 రోజుల సెలవుంది. జబ్బుపడ్డ భర్తకో భార్యకో తోడుండడానికంటూ విడిగా సెలవు లేదు. కుటుంబ బాధ్యతలున్న కార్మికుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లోనే 156వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

విచిత్రమేమిటంటే ఈ శ్రమకి విలువ కట్టడం మన న్యాయస్థానాలకి బాగానే తెలుసు. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకి నెలకి 3000 రూపాయల చొప్పున లెక్కకట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ తన విడి తీర్పులో 2019 సమయ వినియోగ సర్వే అంకెలనే చూపించి, గృహిణి శ్రమకి విలువ లేదనుకోవడం తప్పని వివరించారు. అయితే ఆ రెండు కేసుల్లోనూ ఆ స్త్రీలు చనిపోయారు. నష్టపరిహారం లెక్కల్లో మాత్రమే వాళ్ళ శ్రమ కనిపించింది. చనిపోయాక విలువ కట్టగలిగిన శ్రమకి బతికుండగా ఎందుకు కట్టరు?

మనం అడగవలసినవి అసాధ్యమైనవేమీ కాదు. కీమో ఇచ్చే ప్రతి ఆసుపత్రీ ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తల్ని తెలుగులో, రోగితోపాటు ఇంటి మగవాళ్ళని కూడా కూర్చోబెట్టి నేర్పాలి. చూసుకుంటున్న మనిషి పేరు ఫైలులో రాయాలి, ఆమెతోనే మాట్లాడాలి. ఆడరోగి వచ్చినప్పుడు "ఇంట్లో వంటా అంట్లూ ఎవరు చేస్తున్నారు?" అన్న ప్రశ్న రక్తపోటు చూసినంత మామూలుగా అడగాలి. తోడు మనిషికి పడుకోవడానికి చోటు, తినడానికి తిండి, పోయిన కూలికి పరిహారం ఆరోగ్య పథకంలో భాగం కావాలి. స్త్రీకైనా పురుషుడికైనా సంరక్షణ సెలవు హక్కుగా ఉండాలి. ఆడవాళ్ళకి మాత్రమే ఇస్తే చాకిరీని మళ్ళీ వాళ్ళ నెత్తినే రుద్దినట్టవుతుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్ళలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు, మొదటి ఏడాది 200 అన్నారు. మన జిల్లాలో ఆ కేంద్రం ఎక్కడిదాకా వచ్చిందో అడిగి తెలుసుకోవడం మన సంఘాల పని. కీమో దగ్గరకొస్తే రోగికే కాదు, ఆమె కూతురికీ రెండు కూలిరోజులు మిగులుతాయి.

ఇక మన సంస్థల్లో మనం చెయ్యగలిగింది కూడా ఉంది. పొదుపు సంఘాల్లో, హక్కుల సమావేశాల్లో "మీ ఇంట్లో జబ్బుపడ్డవాళ్ళెవరు?" అని అడుగుతుంటాం. దానితోపాటు "వాళ్ళని చూసుకుంటున్నదెవరు? ఆమెని చూసుకుంటున్నదెవరు?" అని కూడా అడుగుదాం. వచ్చిన జవాబుల్ని రాసి పెట్టుకుందాం. ఇంకెప్పుడైనా, ఎక్కడైనా, ఎవరైనా "ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు" అంటే ఊరుకోకుండా ఆ ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పమందాం.